ఏ నెలలో వచ్చింది ఆ జ్వరం?

వానలు మొదలైన దగ్గర్నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం దోమలు తెచ్చే జ్వరాల గురించే. వాటిలో నాలుగు ఎంచుకున్నాను. పేర్లు వేయొద్దని అడిగారు, వేయడం లేదు. నేను పిల్లల డాక్టర్ని. కడుపుతో ఉన్నప్పుడు చూసేది కాన్పుల డాక్టర్లే అయినా, ఆ జ్వరాలు పడ్డ తల్లుల బిడ్డలు చివరికి నా బల్ల మీదికే వస్తారు. నేను చూసింది అక్కడే కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

ప్రశ్న: డాక్టరమ్మా, మా కోడలికి నొప్పులు మొదలయ్యే ముందు రోజు సాయంత్రం విపరీతమైన జ్వరం, కీళ్లు పట్టేసినాయి. మరుసటి రోజు మగబిడ్డ పుట్టినాడు. పుట్టగానే బాగా ఏడ్చినాడు, 2 కిలోల 900 గ్రాములు. మూడో రోజు ఇంటికి పంపించినారు. నాలుగో రోజు రాత్రి నుంచి ఒళ్లు కాలిపోయింది, పాలు పట్టలేదు, ముట్టుకుంటే ఒకటే ఏడుపు. మళ్లా పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఒకసారి ఫిట్స్ వచ్చినాయన్నారు. ముక్కు మీద, మూతి చుట్టూ నల్లగా మచ్చ పడింది, ఇప్పుడిప్పుడే పోతా ఉంది. వీనికి ఏడో నెల. మెడ ఇంకా నిలబడలేదు. మగపిల్లలకు అన్నీ ఆలస్యమే అంటున్నారు మావాళ్లు. ఇంకొన్నాళ్లు చూడమంటారా?
ఒక జేజి, హిందూపురం దగ్గరి పల్లె

జవాబు: అమ్మా, చూస్తూ కూర్చోవద్దు. ఈ పత్రిక మీ చేతికి అందిన వారంలోనే బిడ్డను తీసుకుని బయలుదేరండి. మగపిల్లలైనా ఆడపిల్లలైనా నాలుగో నెలకు, మహా అయితే ఐదో నెలకు మెడ నిలవాలి. ఏడో నెలలో నిలవలేదంటే కారణం వెతకాల్సిందే.

మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. జ్వరం ఏ రోజు వచ్చిందో, బిడ్డ ఏ రోజు పాలు మానేశాడో ఇంత వివరంగా రాసిన కేసు షీట్లు కూడా నేను ఎక్కువ చూడలేదు. మీరు రాసిన ఆ నాలుగో రోజే నాకు అసలైన ఆధారం.

2006లో నేను అనంతపురం జిల్లాలోనే ఒక చిన్న ఊళ్లో పనిచేసేదాన్ని. ఆ ఏడు చికెన్‌గున్యా మన రాయలసీమను ఎలా కుదిపేసిందో మీకూ గుర్తుండే ఉంటుంది. ఇంట్లో ఒకరికి వస్తే వారం తిరక్కుండా అందరూ మంచం పట్టేవారు. పొలం పనికి పోయేవాళ్లు గోడ పట్టుకుని నడిచేవారు. పేరు విని కోడికూర మానేసినవాళ్లు నా దగ్గరికే ఎంతోమంది వచ్చారు. ఆ పేరుకీ కోడికీ ఏ సంబంధం లేదు. అది టాంజానియాలోని మకొండే భాషలో మాట, నొప్పులతో ఒంగిపోవడాన్ని చెబుతుంది. కుళాయి నాలుగు రోజులకోసారి వచ్చే ఊళ్లలో ప్రతి ఇంటా డ్రమ్ములు, తొట్లు, గోలేలు నింపి పెట్టుకుంటాం కదా, దోమ వాటిలోనే పెరిగింది. నీళ్ల కరువున్న చోట ఈ జ్వరం ఎందుకు అంతగా చెలరేగిందని బయటివాళ్లు ఆశ్చర్యపోయారు. మనకు మాత్రం అందులో ఆశ్చర్యం లేదు.

ఆ రోజుల్లోనే ఐదు రోజుల పసిగుడ్డు ఒకడిని నా దగ్గరికి తెచ్చారు. కాన్పు నాటికి తల్లికి జ్వరం ఉంది. బిడ్డకు కాళ్లూ చేతులూ వాచాయి, పాలు తాగడం లేదు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాను. రక్తంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే కల్చర్ పరీక్షలో ఏమీ పెరగలేదు. రెండు వారాలకు ముక్కు చివర నల్లబడింది. జ్వరం తగ్గింది, తల్లి సంతోషంగా ఇంటికి తీసుకుపోయింది, నేనూ సంతోషించాను. మళ్లీ రమ్మని గట్టిగా చెప్పలేదు. పదకొండో నెలలో వాడు మళ్లీ వచ్చేనాటికి మెడ అప్పుడే నిలబడుతోంది, కాళ్లు కత్తెరలా బిగుసుకుపోతున్నాయి. ఆ పది నెలలు వాడికి నేను ఇవ్వలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది. మీకు ఇంత గట్టిగా చెప్పడానికి కారణం వాడే.

చికెన్‌గున్యా తల్లి నుంచి బిడ్డకు పోతుందని అప్పటిదాకా వైద్యులకే సరిగా తెలియదు. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే చిన్న దీవి ఉంది, ఫ్రాన్స్ పాలనలో ఉంటుంది. 2005, 2006లలో అక్కడి జనంలో మూడో వంతు మందికి ఈ జ్వరం వచ్చింది. అక్కడి డాక్టర్లు 22 నెలల పాటు 7,504 కాన్పులను వరసగా గమనించారు. కాన్పు సమయానికి సరిగ్గా రక్తంలో వైరస్ ఉన్న తల్లులు 39 మంది తేలారు. వాళ్లలో 19 మంది బిడ్డలకు జ్వరం అంటుకుంది, అంటే దాదాపు సగం. సిజేరియన్ చేసినా ఆగలేదు. ఆ 19 మందిలో ఒక్క బిడ్డకు కూడా పుట్టినప్పుడు ఏ లక్షణమూ లేదు. అందరూ బాగా ఏడ్చారు, పాలు తాగారు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య పడిపోయారు. మీ మనవడూ సరిగ్గా అలాగే, బాగున్నాడని ఇంటికి పంపాక నాలుగో రోజు. ఆ 19 మందిలో 9 మందికి మెదడు వాచింది.

అక్కడితో ఆపకుండా ఆ దీవిలో ఇలా జ్వరం సోకిన పిల్లల్ని రెండేళ్ల వయసు దాకా గమనించారు. అందుకు వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. జ్వరం సోకిన 33 మంది పిల్లలను, సోకని 135 మందితో పోల్చారు. సోకిన వాళ్లలో సగం మందికి ఎదుగుదల వెనకబడింది. సోకని వాళ్లలో అది నూటికి 15. ఎక్కువగా దెబ్బతిన్నది మాట, చేతులూ కళ్లూ కలిపి చేసే పనులు. మెదడు వాపు వచ్చిన కొందరికి తల ఎదుగుదల కూడా తగ్గింది. పుట్టినప్పుడు మామూలుగా ఉన్న తల తర్వాత పెరగాల్సినంత పెరగకపోవడమన్న మాట.

ఇదంతా భయపెట్టడానికి రాయలేదమ్మా. మిగతా సగం మంది బాగున్నారు, అదీ నిజమే. మీ మనవడికి చికెన్‌గున్యాయే వచ్చిందని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. తల్లి జ్వరం, నాలుగో రోజు, ముక్కు మీద మచ్చ, ఈ మూడూ కలిస్తే నాకు బలమైన అనుమానం. అయినా థైరాయిడ్ పరీక్ష చేయించి ఉండకపోతే చేయించండి. అది లోపిస్తే మాత్రలతోనే మెదడును కాపాడుకోవచ్చు. పాత జ్వరం పేరు తేల్చడానికి ఇప్పుడు వేలకు వేలు పోసి యాంటీబాడీ పరీక్షలు చేయించవద్దు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ రక్తంలో ఇంకా ఉండొచ్చు, ఫలితం తికమక పెడుతుంది. పేరు ఏదైనా చేయాల్సిన వైద్యం ఒకటే.

జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకునే కేంద్రాలు ఉన్నాయి, డీఈఐసీ అంటారు. ఖర్చు ఉండదు. పిల్లల్ని పరీక్షించడానికి అంగన్‌వాడీకి వచ్చే ప్రభుత్వ పథకం (ఆర్‌బీఎస్‌కే) డాక్టర్లను అడిగితే చీటీ రాసి పంపిస్తారు. అక్కడ తల కొలుస్తారు. ఏడో నెల మగబిడ్డకు సగటున 44 సెంటీమీటర్లు ఉండాలి, 41.5 కంటే తగ్గితే చిన్నదనే లెక్క. ఒక్క కొలత చాలదు, నెలనెలా గీత ఎటు పోతోందో చూడాలి. చెవుల పరీక్ష, కంటి లోపలి పొర పరీక్ష అడిగి చేయించుకోండి. పిల్లవాడు పలకడం లేదంటే ఒక్కోసారి వినబడకపోవడమే కారణం. ఫిజియోథెరపిస్టు చూపించిన కసరత్తులు మీరూ నేర్చుకోండి. రోజంతా బిడ్డతో ఉండేది మీరే. మేలుకున్నప్పుడు బోర్లా పడుకోబెట్టి, ముఖానికి ఎదురుగా మీరు కూర్చుని పిలవండి. రోజుకు ఐదారుసార్లు, రెండేసి నిమిషాలు చాలు. నూనె రాసి స్నానం చేయించే అలవాటు ఉంటే మానొద్దు, కాళ్లు బలవంతంగా మాత్రం లాగొద్దు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నిద్ర లేవగానే బిడ్డ ఉలిక్కిపడినట్టు తల ముందుకు వంచి, చేతులు చాచి, మళ్లీ మళ్లీ దండం పెట్టినట్టు చేస్తే ఫోన్‌లో వీడియో తీసి అదే రోజు డాక్టర్‌కి చూపించండి. దిష్టి అనుకుని ఒక్క రోజు కూడా ఆగొద్దు. అది ఒక రకం ఫిట్స్, ఆలస్యమైన కొద్దీ మెదడు నష్టపోతుంది.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఐదో నెల చివర్లో చికెన్‌గున్యా వచ్చింది, రక్తపరీక్షలో తేలింది. నొప్పులు ఓర్చుకోలేక మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర మూడు సూదులు వేయించుకున్నాను. ఫోన్‌లో చిన్న తలలతో పుట్టిన పిల్లల వీడియోలు చూశాను. అప్పట్నుంచి నిద్ర లేదు. మా అత్తగారు తీయించేసుకోమంటున్నారు.
ఒక సోదరి, కర్నూలు జిల్లా

జవాబు: తల్లీ, తీయించుకోవాల్సిన పనే లేదు. ఈ వాక్యం మీ అత్తగారికి చదివి వినిపించు.

పై ఉత్తరానికి రాసిన జవాబు చదివి భయపడి ఉంటావు. నీ సంగతి వేరు. అదే రీయూనియన్ దీవిలో, కడుపుతో ఉండగా జ్వరం వచ్చిన 650 మందికి పైగా ఆడవాళ్లను, జ్వరం రాని గర్భిణులతో పోల్చి చూశారు. నెలలు నిండకుండా కాన్పు కావడంలో గానీ, బిడ్డ బరువులో గానీ, అవకరాల్లో గానీ తేడా కనబడలేదు. తొలి నెలల్లో పోయిన మూడు గర్భాల్లో మాత్రం వైరస్ దొరికింది. నువ్వు ఆ దశ దాటిపోయావు. చికెన్‌గున్యా బిడ్డకు అంటుకునేది ముఖ్యంగా కాన్పు సమయానికి తల్లి రక్తంలో వైరస్ నిండుగా ఉన్నప్పుడే. నీ రక్తంలో వైరస్ వారం పదిరోజుల్లోనే పోయింది. దాని బదులు రక్షణ తయారైంది, అది మాయ గుండా బిడ్డకూ చేరుతుంది. ఒకసారి వచ్చిన చికెన్‌గున్యా మళ్లీ రావడం చాలా అరుదు. కాబట్టి కాన్పు వేళకు మీ ఊళ్లో ఈ జ్వరం తిరుగుతున్నా నీకు ఆ భయం తక్కువే.

నువ్వు చూసిన వీడియోల్లోని పిల్లలు జికా సోకిన తల్లుల బిడ్డలై ఉంటారు. అది వేరే వైరస్, కింద రాశాను.

నన్ను కలవరపెట్టింది నీ జ్వరం కంటే ఆ మూడు సూదులు. అవి డైక్లోఫెనాక్ అయి ఉండొచ్చు, కీళ్లనొప్పులకు పల్లెల్లో మొదట చేతికొచ్చేది అదే. ఐదో నెల దాటాక ఆ మందులు బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గిస్తాయి. నెలలు నిండే కొద్దీ బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. ఏ సూది వేశారో అడిగి కాగితం మీద రాయించుకో. ఒక స్కాన్ చేయించి ఉమ్మనీరు చూపించుకో. మందు ఆపాక చాలావరకు మళ్లీ మామూలవుతుంది. ఇక మీద జ్వరానికైనా నొప్పికైనా పారాసెటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. డెంగీ కావచ్చనే అనుమానం ఉన్న ఏ జ్వరంలోనైనా ఈ నొప్పి సూదులు రక్తస్రావం తెస్తాయి. గర్భిణికి డెంగీ వస్తే నెలలు నిండకముందే కాన్పు కావచ్చు, బిడ్డ బరువు తగ్గొచ్చు. కాన్పు దగ్గర్లో వస్తే బిడ్డకు కూడా సోకొచ్చు. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఎవరో చెప్పారని బొప్పాయి ఆకు రసం తాగకు, గర్భిణులకు అది క్షేమమని రుజువు కాలేదు.

ప్రశ్న: మేం పుణెలో ఉంటాం. నాకు మూడో నెల. 2024లో ఇక్కడ గర్భిణులకు జికా వచ్చింది కదా. నాకు జ్వరం రాలేదు. అయినా పరీక్ష చేయించుకోవాలా? పుట్టిల్లు రాజమండ్రి. అక్కడికి వచ్చేయాలా?
ఒక పాఠకురాలు

జవాబు: నీ భయానికి అర్థం ఉంది. దోమ జ్వరాల్లో కడుపులోని బిడ్డ మెదడును నేరుగా వెతుక్కుంటూ పోయేది జికాయే. 1947లో ఉగాండాలోని జికా అడవిలో ఒక కోతి రక్తంలో ఈ వైరస్ దొరికింది. ఆ తర్వాత అరవై ఏళ్లు దీన్ని ఒళ్లు వెచ్చబడి పోయే చిన్న జ్వరంగానే చూశారు. 2015లో బ్రెజిల్ ఈశాన్యాన, రెసీఫే ఊరి పిల్లల డాక్టర్లకు ఒక్కో వార్డులో చిన్న తలల పసిపిల్లలు వరసగా కనబడ్డారు. ఆ తల్లుల్లో చాలామంది కడుపుతో ఉన్న తొలి నెలల్లో దద్దుర్లు వచ్చాయని చెప్పారు. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మెదడు కణాలు పుట్టించే మూలకణాలనే ఈ వైరస్ చంపుతుంది. ఇటుకలు చేసే బట్టీయే కాలిపోతే గోడ లేవనట్టు, తర్వాత ఎంత తిండి తిన్నా ఆ లోటు పూడదు. అందుకే తొలి మూడు నెలలు ఎక్కువ ప్రమాదం.

అయినా జికా సోకిన తల్లుల బిడ్డల్లో నూటికి 5 నుంచి 15 మందికే ఇలాంటి లోపాలు వస్తాయి. మిగతా వాళ్లు ఆరోగ్యంగా పుడతారు.

చిక్కేమిటంటే ఐదుగురిలో నలుగురికి ఏ లక్షణమూ ఉండదు. మీ చుట్టుపక్కల ఇప్పుడు కేసులు ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టి పరీక్ష మీ డాక్టర్ నిర్ణయిస్తారు. జ్వరం గానీ, దద్దుర్లు గానీ, కళ్లు ఎర్రబడడం గానీ కనబడితే మాత్రం వారంలోపే రక్తం, మూత్రం రెండూ ఇవ్వాలి. మూత్రంలో రెండు వారాల దాకా దొరుకుతుంది. ఆలస్యంగా చేసే యాంటీబాడీ పరీక్షలో పాత డెంగీ కూడా జికాలా కనబడి మోసం చేస్తుంది. ఐదో నెల స్కాన్ బాగుందంటే అంతా అయిపోయిందనుకోకూడదు. తల ఎదుగుదల తగ్గడం ఏడో నెలలో బయటపడొచ్చు, పుట్టాకా బయటపడొచ్చు. జికా సోకినట్టు తేలితే నాలుగు వారాలకోసారి స్కాన్ చేయించుకోవాలి. ఇంకో మాట మీ ఇద్దరికీ. జికా భార్యాభర్తల కలయిక వల్ల కూడా అంటుతుంది. మీ ఆయన కేసులున్న ఊరికి వెళ్లొస్తే కాన్పు దాకా నిరోధ్ వాడండి.

రాజమండ్రి రావడం నీ ఇష్టం, అమ్మ దగ్గర ఉండాలనిపిస్తే రా. దోమ కోసమైతే వద్దు. డెంగీ, చికెన్‌గున్యా, జికా మూడింటినీ మోసే ఆ పగటి దోమ అక్కడా ఉంది. 1965లోనే విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలో చికెన్‌గున్యా వచ్చింది. ఎక్కడున్నా పగలు కూడా నిండు చేతుల బట్టలు వేసుకో. డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న పూత రాసుకో, గర్భిణులకు క్షేమమే. వారానికోసారి నీళ్ల పాత్రలు పారబోస్తే చాలదు, లోపలి అంచులు పీచుతో రుద్దాలి. గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి, నెలల తరబడి ఎండినా మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద పళ్లెం మరిచిపోకు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను పాడేరు మన్యంలో ఆశా కార్యకర్తని. మా దగ్గర మలేరియా ఎక్కువ. తల్లికి వస్తే బిడ్డ మెదడుకు ఏమవుతుందండీ? బాలింతల ఇళ్లకు వెళ్లినప్పుడు నేనేం చూడాలి?

జవాబు: అమ్మా, మలేరియా దారి వేరు. జికాలా అది బిడ్డ మెదడులోకి దూరదు. ఫాల్సిపారం పురుగు తల్లి రక్తకణాల్లో చేరి మాయలో అతుక్కుని కూర్చుంటుంది. బిడ్డకు అందాల్సిన ఆహారం, ప్రాణవాయువు అక్కడే తగ్గిపోతాయి. బిడ్డ తక్కువ బరువుతోనో, నెలలు నిండకుండానో పుడతాడు. మెదడు ఎదుగుదల దెబ్బతినేది ఆ దారిలోనే. తొలిచూలు వాళ్లకు ఇది ఎక్కువ. మాయలో అతుక్కునే ఆ రకం పురుగును వాళ్ల ఒళ్లు అంతకుముందు ఎన్నడూ చూసి ఉండదు. మాయలో దాక్కున్న పురుగు వేలి రక్తంలో ఒక్కోసారి దొరకదు కాబట్టి, కిట్‌లో గీత రాలేదని జ్వరంతో ఉన్న గర్భిణిని వదిలేయొద్దు, పీహెచ్‌సీకి పంపి స్లైడ్ చూపించు. ఇంట్లో మిగతావాళ్లకు ఇచ్చే ప్రైమాక్విన్ ఆమెకు ఇవ్వకూడదని నీకు తెలిసే ఉంటుంది. మందు పూసిన దోమతెర ఇంట్లో ఒకటే ఉంటే అది గర్భిణికే.

ఇక బాలింత ఇల్లు. నువ్వు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళతావు కదా. వెళ్లగానే బిడ్డ కంటే ముందు తల్లిని ఒక మాట అడుగు: కాన్పుకు ముందు నాలుగు రోజుల్లో గానీ, కాన్పు అయ్యాక గానీ జ్వరం వచ్చిందా? అవునంటే 3కీ 7కీ మధ్య ఇంకోసారి వెళ్లు, కుదరకపోతే ఫోన్ చెయ్యి. నీకు డబ్బులిచ్చే లెక్కలో ఆ రోజు ఉండదని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను. బిడ్డ పాలు మానేసినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, ముట్టుకుంటే ఏడ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. చీటీ మీద తల్లికి జ్వరం వచ్చిన తేదీ రాసి పంపు. తల్లి పాలు మాన్పించనీయకు, ఈ జ్వరాల్లో పాలు ఇవ్వొచ్చు. తల్లికి జ్వరం ఉన్నంతకాలం ఆమెనూ పగలు కూడా తెరలో పడుకోబెట్టు. ఆమెను కుట్టిన దోమ ఇంకొకరిని కుట్టకుండా ఉంటుంది. బిడ్డకు గొడుగు దోమతెర చాలు. మస్కిటో కాయిల్, వేపాకు పొగ, సాంబ్రాణి పొగ ఆ గదిలో వద్దు, రెండు నెలలు నిండకుండా ఒంటికి దోమల పూత కూడా వద్దు.

42వ రోజున నీ టేపుతో బిడ్డ తల కొలిచి ఎంసీపీ కార్డులో పక్కన రాసిపెట్టు. కనుబొమల పైనుంచి, వెనక ఎత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టాలి. కార్డులో గడి లేకపోతే అంచున రాయి. రేపు ఆ కార్డు పట్టుకుని వచ్చిన బిడ్డను చూసే డాక్టర్ ముందుగా వెతికే అంకె అదే.